వెస్నాత్‌కి అప్లికేషన్ కన్నా ముందు ఒక చిన్న ప్యాచ్ పంపు

తమ్ముడూ, నీ టెన్షన్ అర్థమైంది. బీటెక్ మూడో సంవత్సరం, సీ ప్లస్ ప్లస్ వచ్చు, 'బ్యాటిల్ ఫర్ వెస్నాత్' గేమ్‌కి పనిచేయాలని ఉంది, కానీ ఆ ప్రాజెక్టుకి పెట్టే అప్లికేషన్‌లో చూపించడానికి అనుభవం లేదంటున్నావు. అనుభవం కోసం ఎవరో నిన్ను ఎంపిక చేసేదాకా ఆగక్కర్లేదు. 2003 నుంచి నడుస్తున్న ఈ గేమ్ సోర్స్ కోడ్ గిట్‌హబ్ అనే సైట్‌లోనే ఉంది, జీపీఎల్ లైసెన్స్, అంటే ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చు. ఈరోజే దించుకో.

ముందు నీ లాప్‌టాప్‌లో బిల్డ్ చెయ్యి, అంటే ఆ కోడ్‌ని నడిచే గేమ్‌గా మార్చు. లైబ్రరీలు సరిపోక ఒక సాయంత్రం పోవచ్చు, పోనీ. తర్వాత నాలుగు ఆటలు ఆడు. ఆడని గేమ్‌లో బగ్ ఎలా కనిపిస్తుంది?

ఇంజిన్ సీ ప్లస్ ప్లస్‌లో ఉన్నా, యూనిట్ల వివరాలు, కథలోని ఘట్టాలు డబ్ల్యూఎంఎల్ అనే సొంత భాషలో, మామూలు టెక్స్ట్ ఫైళ్ళలో ఉంటాయి. ఒక యూనిట్ హిట్‌పాయింట్లు మార్చి ఆడి చూడు, కోడ్ ఎలా నడుస్తుందో మెల్లగా పట్టుబడుతుంది. అప్పుడు గిట్‌హబ్‌లో ఇష్యూలు అనే బగ్‌ల జాబితాలోంచి చిన్నది ఒకటి ఎంచుకో. ఆ బగ్ నీ మెషీన్‌లో కూడా వస్తోందో లేదో చూసి, ఎలా సరిచేస్తావో అక్కడే రెండు వాక్యాలు రాసి, తర్వాతే పుల్ రిక్వెస్ట్ పంపు, అంటే నీ ప్యాచ్‌ని (కోడ్‌లో చేసిన మార్పుని) కలుపుకోమని అడుగు. ఒక్కో రిక్వెస్ట్‌లో ఒక్క మార్పే ఉండాలి. రివ్యూలో తప్పులు చూపిస్తే కంగారు పడకు, నీ కోడ్‌ని శ్రద్ధగా చదివారన్నమాట.

అప్లికేషన్‌లో "గేమ్స్ అంటే నాకు ప్రాణం" అని పేరాలు వద్దు. ఆ పుల్ రిక్వెస్ట్ లింకు పెట్టు, ఏ వారం ఏం చేస్తావో రాయి, సెమిస్టర్ పరీక్షల తేదీలు దాచకుండా చెప్పు.

బిల్డ్‌లో ఎర్రర్ వస్తే పూర్తి మెసేజ్ ఇక్కడ పెట్టు, చూస్తాను.