ఈస్టు మోడల్‌లో ఆల్కహాలు ఎందుకు రావడం లేదు?

ప్రశ్న: ఈస్టు మెటబాలిజం (కణంలోని రసాయన చర్యల) మోడల్‌ను కంప్యూటర్‌లో నడిపాను. గ్లూకోజు తీసుకునే వేగానికి 10 హద్దు పెట్టి, ఆక్సిజన్ ఎంత కావాలంటే అంత వదిలాను. పెరుగుదల బాగానే ఉంది గానీ ఆల్కహాలు సున్నా. మా వైపు మొలాసిస్ తొట్లలో ఈస్టు చేసేది ఆల్కహాలే కదండీ! సరేనని ఆక్సిజన్ పూర్తిగా మూసేస్తే పెరుగుదలే సున్నా అయింది. తప్పెక్కడ?
– ఎమ్మెస్సీ విద్యార్థిని, తణుకు

జవాబు: మీ కోడ్‌ను అనుమానించకండి. రెండు సున్నాలకూ కారణాలు వేరు.

మీరు వాడిన లెక్క పేరు ఫ్లక్స్ బ్యాలెన్స్ అనాలిసిస్ (ఫ్లక్స్ అంటే ఒక రియాక్షన్ నడిచే వేగం). దాని షరతు ఒక్కటే: కణం లోపల ఏ పదార్థమూ పేరుకుపోకూడదు, తరిగిపోకూడదు. ఆ షరతుకు లోబడి, మీరిచ్చిన హద్దుల్లో పెరుగుదల గరిష్ఠమయ్యే దారిని మోడల్ వెతుకుతుంది. మీరు గ్లూకోజును కొలిచి ఇచ్చారు, ఆక్సిజన్‌ను కొలవలేదు. పులియబెడితే ఒక గ్లూకోజుకు వచ్చేది 2 ఏటీపీలు (కణం శక్తిగా వాడుకునే అణువులు). శ్వాసక్రియలో అంతకు ఎన్నో రెట్లు. అలాంటప్పుడు కార్బన్‌ను ఆల్కహాలుగా బయటికి వదిలే దారిని మోడల్ ఎంచుకోదు.

నిజమైన ఈస్టు మాత్రం చక్కెర దండిగా దొరికితే గాలి ఉన్నా ఆల్కహాలు చేస్తుంది. క్రాబ్‌ట్రీ ప్రభావం అనేది దీన్నే. శ్వాసక్రియ ఎంజైములకు ప్రోటీను చాలా కావాలి, వేగంగా పెరిగే కణానికి అదే ప్రోటీను రైబోజోములకూ (ప్రోటీన్లు తయారుచేసే యంత్రాలకూ) కావాలి. కోతలప్పుడు ఉన్న కూలీలనే అన్ని చేలకూ సర్దుకోవాల్సి వచ్చినట్టు ఉంటుంది కణం పరిస్థితి. మామూలు మోడల్‌లో ఈ ప్రోటీను ఖర్చు లెక్కే లేదు.

సులువైన మార్గం: ఆక్సిజన్ రియాక్షన్ కింది హద్దును -2 చేయండి. మైనస్ అంటే లోపలికి తీసుకోవడం. గ్లూకోజుకైనా ఆక్సిజన్‌కైనా యూనిట్, గ్రాము పొడి కణాలకు గంటకు మిల్లీమోల్. ఆల్కహాలు వెంటనే కనిపిస్తుంది. అయితే ఇది బలవంతాన రప్పించిన ఫలితమే. గాలి ఉన్నా ఎందుకు చేస్తుందో చూపాలంటే ఎంజైము పరిమితులు కలిపిన మోడల్ తీసుకోవాలి. అలా కలిపే పద్ధతుల్లో 2017లో వచ్చిన గెకో (GECKO) ఈస్టు మీదే మొదలైంది.

ఇక రెండో సున్నా. కణపొరకు కావలసిన ఎర్గోస్టెరాల్ (ఒక స్టెరాల్), ఒలియిక్ ఆమ్లం (ఒక కొవ్వు ఆమ్లం) తయారుచేసుకోవడానికి ఈస్టుకు ఆక్సిజన్ తప్పనిసరి. కొత్త కణానికి కావలసిన పదార్థాల జాబితా అయిన బయోమాస్ సమీకరణంలో అవి ఉన్నాయి, అందుకే ఏ ఒక్కటి అందకపోయినా పెరుగుదల మొత్తం ఆగిపోతుంది. ఆ రెండింటినీ బయటి నుంచి తీసుకునే రియాక్షన్లు తెరవండి. సమీకరణంలో హీమ్ (ఇనుము ఉండే ఒక అణువు) ఉంటే దాన్ని అందులోంచి తీసేయండి, దాని తయారీకీ ఆక్సిజన్ కావాలి. డిస్టిలరీల్లో ఈస్టును పెంచే దశలో గాలి ఊదడానికి ఒక కారణం ఈ స్టెరాల్సే.

ఇక్కడొక ప్రమాదం ఉంది. తర్వాత ఆక్సిజన్ కొంచెం తెరిచినా, హద్దు లేకుండా వదిలిన ఒలియిక్ ఆమ్లాన్ని మోడల్ ఆహారంగా కాల్చేసుకుంటుంది. కాబట్టి దానికి చాలా చిన్న హద్దు పెట్టండి. చివరగా కార్బన్ లెక్క చూడండి: 10 గ్లూకోజు నుంచి ఆల్కహాలు 20 దాటకూడదు. దాటిందంటే మరో కార్బన్ దారి ఎక్కడో తెరిచి ఉన్నట్టే.

ప్రశ్న: ల్యాబ్ లేదు, మామూలు ల్యాప్‌టాప్ ఉంది. ఈ పని ఎలా మొదలుపెట్టాలి?
– డిగ్రీ విద్యార్థి, అమలాపురం

జవాబు: ల్యాప్‌టాప్ చాలు. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో ఈ లెక్కలు చేసే కోబ్రాపై (COBRApy) అనే ప్యాకేజీ ఉచితం. ఈ.కోలై అనే బ్యాక్టీరియా చిన్న మోడల్ (కోర్ మోడల్)తో మొదలుపెట్టండి: 95 రియాక్షన్లు, 72 పదార్థాలు. గ్లూకోజు 10 ఉండగా పెరుగుదల గంటకు 0.874 రావాలి, అంటే కణాలు రెట్టింపు కావడానికి సుమారు 48 నిమిషాలు. ఆక్సిజన్ మూస్తే 0.212 రావాలి, ఫార్మేట్, అసిటేట్, ఇథనాల్ బయటికి వస్తాయి. ఈ రెండు అంకెలూ సరిపోయేవరకు పెద్ద మోడల్ జోలికి వెళ్లకండి. ఇంకో మాట: ఒకే గరిష్ఠ పెరుగుదలకు చాలా దారులు ఉండవచ్చు. ఒక్కసారి వచ్చిన ఫ్లక్స్ విలువలనే ఖాయమనుకోకుండా, ఫ్లక్స్ వేరియబిలిటీ అనాలిసిస్ చేసి ఏ రియాక్షన్ ఎంత మేర మారగలదో చూడండి.

ప్రశ్న: రొయ్యల చెరువు మొత్తాన్ని ఇలా మోడల్ చేయవచ్చా?
– రైతు, భీమవరం

జవాబు: ఇప్పుడున్న తీరులో నేరుగా కుదరదండీ. చెరువులో నాచు, రకరకాల బ్యాక్టీరియా కలిసి ఉంటాయి. పగలు పెరిగిన ఆక్సిజన్ తెల్లవారుజాముకు పడిపోతుంది. పైన చెప్పిన లెక్క ఒక కణం, మారని పరిస్థితి అనుకుని చేసేది. గంటగంటకూ హద్దులు మార్చి నడిపే డైనమిక్ పద్ధతి ఉంది గానీ, ప్రతి జీవి ఏ పదార్థాన్ని ఎంత వేగంగా తీసుకుంటుందో కొలవకుండా అది పనికిరాదు. ఏరియేటర్ ఎప్పుడు వేయాలన్నది మాత్రం డీవో మీటరు (నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచేది) చూసే నిర్ణయించుకోండి.