బైపీసీ చదివి పక్షవాత పునరావాస రంగంలోకి వెళ్లవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతోంది. నిరుడు మా నాన్నగారికి పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. తాతగారు కంచంలో కుడివైపు ఉన్న అన్నమే తిని లేచిపోతున్నారని మొదట కనిపెట్టింది తనే. అప్పటినుంచి సగం భోజనం కాగానే కంచం తిప్పి పెడుతోంది. మెదడు సంకేతాలతో నడిచే యంత్రాల వీడియోలు చూసి ఆ రంగంలోకే వెళతానంటోంది. బంధువులేమో నీట్‌కు లాంగ్ టర్మ్ పెట్టించమంటున్నారు. ఏం చేయాలి? నాన్నగారికి వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ కొనవచ్చా?
– ఒక తండ్రి, బ్రాడీపేట

జవాబు: మీ అమ్మాయి చూసిన వీడియోలలో రెండు వేర్వేరు పనులు కలగలిసి ఉండవచ్చు. ఒకటి, మెదడులో ఎలక్ట్రోడ్లు, అంటే విద్యుత్ సంకేతాలను అందుకునే సన్నని లోహపు మొనలు, అమర్చడం. మెదడుకాండంలో వచ్చిన స్ట్రోక్ వల్ల కాళ్లూ చేతులూ కదలని ఒక మహిళ కేవలం తలపుతో రోబో చేతిని నడిపి తన కాఫీ తాను తాగినట్టు 2012లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు. 2024లో అమెరికా కంపెనీ న్యూరాలింక్ తొలిసారిగా పరికరాన్ని అమర్చినది వెన్నుపాము దెబ్బతిన్న యువకుడికి. ఇవి పోయిన శక్తికి బదులుగా మరొక సాధనాన్ని ఇచ్చే ప్రయత్నాలు. పునరావాసం దారి వేరు. అక్కడ రోగి సొంత చేతినే మళ్లీ కదిలించాలని చూస్తారు, అందుకు శస్త్రచికిత్స అవసరం లేకుండా, మెదడు విద్యుత్ సంకేతాలను తల పైనుంచే పట్టుకునే ఈఈజీ టోపీ చాలు.

ఆ పని జరిగే తీరు ఇది. తలస్నానం చేసి, నూనె రాసుకోకుండా రమ్మంటారు. మన పెద్దవాళ్లకు మొదటి ఇబ్బంది ఇదే, ఎందుకంటే జుట్టుకు పట్టిన కొబ్బరినూనె ఎలక్ట్రోడ్‌కూ చర్మానికీ మధ్య అడ్డుపొరగా నిలుస్తుంది. టోపీ తొడిగి, ఒక్కొక్క ఎలక్ట్రోడ్ కింద జెల్ నింపి, పిడికిలి విప్పుతున్నట్టు ఊహించుకోమంటారు. చెయ్యి కదలకపోయినా, ఆ ఊహతోనే మెదడులో చేతిని నడిపే భాగం మీద సెకనుకు 8 నుంచి 13 సార్లు లేచిపడే లయ కొంత తగ్గుతుంది. ఆ తగ్గుదలను కంప్యూటర్ పసిగట్టగానే చేతికి తొడిగిన యంత్రం వేళ్లను విప్పుతుంది. అనుకోవడమూ, వేళ్లు విచ్చుకోవడమూ వెంటవెంటనే జరిగితే, దెబ్బతిన్న దారికి బదులు మెదడు మరో దారి వేసుకోవడానికి అది ఊతమిస్తుందన్నది దీని వెనుక ఉన్న ఆలోచన. అయితే ఆ సంకేతం మైక్రోవోల్టులలో, అంటే వోల్టులో పది లక్షల వంతులలో ఉంటుంది. రోగి పళ్లు బిగించినా, కనురెప్ప వేసినా ఆ అలజడిలో మునిగిపోతుంది. అలసిపోయిన పెద్దాయన దవడ బిగిస్తున్నారని గమనించి, కాసేపు ఆపి, మంచినీళ్లు ఇచ్చేది పక్కన కూర్చున్న థెరపిస్టే.

అమెరికాలో మందులనూ, వైద్య పరికరాలనూ నియంత్రించే ఎఫ్‌డీఏ 2021లో అనుమతించిన ఇప్సీహ్యాండ్ అనే చేతి యంత్రం ఈ కోవలోనిదే. దెబ్బ తగలని వైపు మెదడు సంకేతాలను వాడుకోవడం దాని ప్రత్యేకత. మన దేశంలో ఐఐటీ కాన్పూర్ వారు ఇటువంటి చేతి యంత్రాన్ని రూపొందించారు. ఐఐటీ మద్రాసు, వేలూరు సీఎంసీ కలిసి చేసిన ప్లూటో మాత్రం ఈఈజీతో పనిలేకుండా, చేతి వ్యాయామాలను తెరమీది ఆటలుగా మార్చి చేయిస్తుంది.

వర్చువల్ రియాలిటీ, అంటే కంప్యూటర్ సృష్టించిన దృశ్యంలో ఉన్నట్టు అనిపించేలా చేసి సాధన చేయించడం గురించి అతిగా ఆశపడవద్దు. 72 అధ్యయనాలలోని 2,470 మంది ఫలితాలను కలిపి చూసిన 2017 నాటి సమీక్షలో (వైద్య అధ్యయనాలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థది), చేతి కదలిక విషయంలో అది మామూలు థెరపీ కంటే మెరుగని తేలలేదు. మామూలు థెరపీకి అదనంగా చేర్చి మొత్తం సాధన సమయాన్ని పెంచినప్పుడు మేలు కనిపించింది. అంటే దాని విలువ, విసుగు పుట్టించే సాధనను ఎక్కువసేపు చేయించగలగడంలో ఉంది. మీ అమ్మాయి వృత్తిని ఎంచుకునేటప్పుడు ఈ మాటను గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఏ యంత్రం వచ్చినా రోగిని పరీక్షించి, ఏ కదలికను ఎంతసేపు చేయించాలో నిర్ణయించేవారి అవసరం తగ్గదు.

ఇక చదువు. ఆకర్షణీయమైన పేరున్న సర్టిఫికెట్ కోర్సులకు ముందే డబ్బు కట్టవద్దు. మొదట చట్టం గుర్తించిన వృత్తి ఒకటి చేతిలో ఉండాలి. యంత్రాన్ని తయారుచేయాలన్నది ఆమె కోరికైతే బైపీసీ ఇబ్బంది పెడుతుంది. ఐఐటీ హైదరాబాద్, ఎన్ఐటీ రవుర్కెలాలలో బయోమెడికల్ ఇంజినీరింగ్ బీటెక్‌కు జేఈఈ రాయాలి, అందుకు గణితం తప్పదు. యంత్రాన్ని రోగి చేతికి తొడిగి పని చేయించడం ఇష్టమైతే బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) సరైన దారి. 2025లో వెలువడిన జాతీయ పాఠ్యప్రణాళిక ప్రకారం అది నాలుగేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. ఆపై న్యూరాలజీ ప్రత్యేకాంశంగా ఎంపీటీ (ఫిజియోథెరపీలో పీజీ) చేయవచ్చు. మన రాష్ట్రంలో బీపీటీ కళాశాలలు విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలో ఉంటాయి. చేరేముందు అనుబంధ గుర్తింపునూ, ఆ ఏటి ప్రవేశ నిబంధనలనూ విశ్వవిద్యాలయం నోటిఫికేషన్‌లోనే చూసుకోండి. బ్రోచర్‌ను నమ్మవద్దు.

అయితే ఆమెకు ఇంకా బాగా నప్పేది ఆక్యుపేషనల్ థెరపీ అని నాకనిపిస్తోంది. తినడం, చొక్కా తొడుక్కోవడం, బొత్తాం పెట్టుకోవడం వంటి రోజువారీ పనులను తిరిగి నేర్పే వృత్తి అది. మన దగ్గర అంతగా తెలియదు గానీ, వేలూరు సీఎంసీలోనూ, కటక్ సమీపంలోని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎస్వీనిర్తార్‌లోనూ డిగ్రీ ఉంది.

లాంగ్ టర్మ్ విషయానికి వస్తే, ఆమెకు డాక్టర్ కావాలని ఉంటేనే ఆ ఏడాది వెచ్చించండి. ఎంబీబీఎస్ తర్వాత ఫిజికల్ మెడిసిన్ అండ్ రిహాబిలిటేషన్ (పునరావాస వైద్యం)లో ఎండీ చేసి ఈ రంగానికే రావచ్చు. బంధువుల మాట కోసమైతే వద్దు. థెరపిస్టుల తొలి జీతాలు తక్కువే, చాలామంది హోమ్ విజిట్లతో నెట్టుకొస్తారు. ఆ సంగతి ఆమెకు దాచకుండా చెప్పండి. పరీక్షలయ్యాక అనుమతి తీసుకుని ఏదైనా ఆసుపత్రి ఫిజియోథెరపీ విభాగంలో నాలుగు ఉదయాలు కూర్చోనివ్వండి. ఒకే వేలిని వందోసారి వంచుతున్నప్పుడు కూడా అక్కడే ఉండాలనిపిస్తే సందేహం తీరినట్టే.

హెడ్‌సెట్ ఇప్పుడే కొనవద్దు. తల తిరగడం, తూలిపడడం వంటి ప్రమాదాలున్నాయి కాబట్టి థెరపిస్ట్ సమక్షంలోనే వాడాలి. కంచంలో ఎడమవైపు కనిపించకపోవడానికి కారణం చూపు లోపం కాకుండా, ఆ వైపును మెదడు పట్టించుకోకపోవడం కావచ్చు. దీనిని నెగ్లెక్ట్ అంటారు, న్యూరాలజిస్ట్‌కు తప్పక చెప్పండి. కంచం తిప్పితే ఆ పూట కడుపు నిండుతుంది, కానీ ఆయన తల ఎడమవైపు తిరగడం అలవాటు కాదు. డాక్టర్ సరేనంటే, కంచం ఎడమ అంచుకు ఎర్ర టేపు అంటించి, ఆయనకు ఇష్టమైన కూర అటువైపు వడ్డించి, ముద్ద ముద్దకూ ఎర్ర గీత కనిపించేదాకా తల తిప్పమని మనవరాలినే చెప్పమనండి. ఎన్నిసార్లు చెప్పవలసి వచ్చిందో రోజూ ఒక పుస్తకంలో రాయిస్తే, ఈసారి థెరపిస్ట్ దగ్గరకు వెళ్లినప్పుడు చూపించవచ్చు.