గాట్స్‌బీ నవలలో నిక్ నిజాయితీపరుడేనా?

ఫిట్జ్‌గెరాల్డ్ నవల 'ది గ్రేట్ గాట్స్‌బీ'లో కథ చెప్పే నిక్ కారవే, తానెరిగిన కొద్దిమంది నిజాయితీపరుల్లో తానూ ఒకడినంటాడు కదా, నమ్మొచ్చా అని అడిగారు. ఆ ఒక్క వాక్యాన్నే పట్టుకుని వ్యాసం రాస్తే దారి తప్పుతారు. దాని ముందున్న పేజీలు కూడా చదవాలి.

అది మూడో అధ్యాయం చివరి వాక్యం. అంతకుముందే నిక్ సన్నిహితంగా తిరుగుతున్న గోల్ఫ్ క్రీడాకారిణి జోర్డాన్ బేకర్ సంగతి వస్తుంది. అడిగి తెచ్చుకున్న కారును టాప్ వేయకుండా వానలో వదిలేసి, ఆనక బొంకింది. మొదటి పెద్ద గోల్ఫ్ పోటీ సెమీఫైనల్లో బంతిని జరిపిందని గొడవ లేచింది. కర్రల సంచి మోసే క్యాడీ మాట వెనక్కి తీసుకున్నాడు, మిగిలిన ఒక్క సాక్షి పొరబడి ఉంటానన్నాడు. ఆడవాళ్ల విషయంలో దీన్ని పెద్ద తప్పుగా చూడలేమని నిక్ తేలిగ్గా తీసేస్తాడు. మరి తన సంగతి? తాను కొన్నాళ్లు స్నేహం చేసిన జెర్సీ సిటీ అమ్మాయి తోడబుట్టినవాడు గుర్రుగా చూడటం మొదలెట్టేసరికి, ఆమె జూలైలో సెలవు మీద వెళ్లగానే ఆ స్నేహాన్ని చప్పుడు లేకుండా జారవిడిచాడు. సొంతూళ్లో ఇంకో అమ్మాయికి వారం వారం 'ప్రేమతో' అని సంతకం చేసి ఉత్తరాలు రాస్తున్నాడు. ఇవన్నీ మనకు చెప్పేది అతనే. పాఠకుడి దగ్గర దాచడు, ఎదుటి మనిషికి మాత్రం చెప్పడు. నా దృష్టిలో అతని నిజాయితీ అంతవరకే.

నిక్ పక్కింటి ధనవంతుడు గాట్స్‌బీ అబద్ధాలు వేరే రకం, నిజం కలిపి అల్లినవి. నాలుగో అధ్యాయంలో తనవాళ్లంతా పోయారంటాడు. తొమ్మిదిలో తండ్రి హెన్రీ గాట్జ్ వస్తాడు. అమెరికా మధ్య పశ్చిమంలో ఏ ఊరంటే, ఎక్కడో పశ్చిమ తీరాన ఉన్న శాన్‌ఫ్రాన్సిస్కో అంటాడు! కానీ యుద్ధంలో మాంటెనెగ్రో దేశం ఇచ్చిందన్న పతకం చూపిస్తాడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివానన్నవాడు, అక్కడ 1919లో అయిదు నెలలే ఉన్నానని, తాను ప్రేమిస్తున్న డైసీకి భర్తయిన టామ్ నిలదీసినప్పుడు ఒప్పుకుంటాడు. కారు నడిపి టామ్ ప్రియురాలు మర్టిల్ చావుకు కారణమైంది డైసీ అయినా, నేరం తన మీద వేసుకోవడానికి సిద్ధపడతాడు.

అసలు చూడాల్సిన చోటు మర్టిల్ భర్త విల్సన్ గాట్స్‌బీని కాల్చి చంపి తానూ చచ్చాక, తొమ్మిదో అధ్యాయంలో జరిగే విచారణ. విల్సన్‌కు భార్య మీద అనుమానం ఉండేదని పొరుగువాడు మైకేలిస్ సాక్ష్యంలో బయటపడగానే, కథంతా రచ్చకెక్కుతుందని నిక్ అనుకుంటాడు. మర్టిల్ చెల్లెలు కేథరిన్ మాత్రం, తన అక్క గాట్స్‌బీని ఎన్నడూ చూడలేదనీ, భర్తతో సుఖంగా ఉండేదనీ ప్రమాణం చేసి చెబుతుంది. విల్సన్ దుఃఖంతో మతి చెడినవాడుగా మిగిలిపోతాడు. ఆ అబద్ధాన్ని నిక్ మెచ్చుకుంటాడు, అదీ ఆమె శీలబలం చూపిందంటూ. కారు డైసీ నడిపిందని తెలిసీ తానూ పెదవి విప్పడు. తరువాత టామ్, గాట్స్‌బీయే మర్టిల్‌ను కారుతో తొక్కించేశాడని గట్టిగా నమ్మి మాట్లాడినప్పుడూ నిజం గొంతులోనే ఆపుకుని, చివరికి చేయి కలిపి వెళ్లిపోతాడు.

వ్యాసంలో చాలామంది వదిలేసే ఆధారం ఇంకొకటుంది. మూడో అధ్యాయంలో జోర్డాన్ దారిలో పనివాళ్లను ఒరుసుకుంటూ కారు పోనిస్తుంది. ప్రమాదం జరగాలంటే ఇద్దరు కావాలంటుంది. చివరి కలయికలో అదే సంభాషణ గుర్తుచేసి, నువ్వు ముక్కుసూటి మనిషివనుకున్నాను, నా అంచనా తప్పిందంటుంది. నిక్ కాదనడు. తనకు ముప్ఫై ఏళ్లనీ, తనకు తాను అబద్ధం చెప్పుకుని దాన్ని మర్యాద అనుకునే వయసు దాటి అయిదేళ్లయిందనీ అంటాడు. ఆ రెండు సంభాషణలనూ పక్కపక్కన పెట్టి, మధ్యలో విచారణ పేరాను ఉంచి రాయండి.