పెట్రోలు భయంతో హైబ్రిడ్ కొనాలా?

ప్రశ్న: మాది విశాఖ ఎంవీపీ కాలనీ. రోజూ గాజువాకలో ఆఫీసుకు కారులోనే వెళ్తాను. నెలకు వెయ్యి కిలోమీటర్ల వరకు తిరుగుతాను. పాత కారు మార్చాలి. మామూలు పెట్రోలు మోడల్ కన్నా స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు (పెట్రోలు ఇంజిన్‌తోపాటు బ్యాటరీతో నడిచే మోటారూ ఉండే కారుకు) మూడున్నర లక్షలు ఎక్కువ చెబుతున్నారు. పెట్రోలు ధర ఎటు పోతుందోనని టెన్షన్‌గా ఉంది. ఆ తేడా కోసం పాప ఇంజినీరింగ్‌కని వేసిన ఎఫ్‌డీ తీసేయనా, లోన్ పెంచుకోనా? పాప ఇప్పుడు పదో తరగతి.

జవాబు: ముందు ఎఫ్‌డీ సంగతి. దాన్ని కదపకండి. రెండేళ్లు తిరిగేసరికి ఫీజు కట్టాల్సిన డబ్బు అది. ఈ ఒక్క విషయంలో మెత్తగా చెప్పలేను.

ఇక లోన్. మీ తిరుగుడుకే లెక్క వేద్దాం. 2022లో వచ్చిన మారుతి గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్ హైబ్రిడ్‌లకు లీటరుకు 27.97 కిలోమీటర్లని ప్రకటించారు. మన ఉక్కపోతలో ఏసీ వేసుకుని, ఎన్ఏడీ జంక్షన్ దాటి గాజువాక వెళ్లే బండికి అంత రాదు. హైబ్రిడ్‌కు 21, మామూలు పెట్రోలు కారుకు 14 వేసుకుంటున్నాను. ఏడాదికి 12,000 కిలోమీటర్లకు మీకు సుమారు 286 లీటర్లు మిగులుతాయి. లీటరు 110 రూపాయలనుకుంటే 31,400, అంటే నెలకు 2,600 పైచిలుకు. మూడున్నర లక్షలు రావడానికి పదకొండేళ్లు పడుతుంది.

అదే మూడున్నర లక్షలు 9 శాతం వడ్డీకి ఏడేళ్ల లోన్ తీసుకుంటే ఈఎంఐ దాదాపు 5,630. వడ్డీయే లక్షా 23 వేలు. పెట్రోలు 150కి వెళ్లినా మీకు మిగిలేది నెలకు 3,575. అప్పటికీ ఈఎంఐలో రెండు వేలకు పైగా జేబులోంచే పెట్టాలి.

మీ భయం మాత్రం ఉత్తిది కాదు. మల్కాపురంలో 1957 నుంచి రిఫైనరీ నడుస్తోంది, అత్యవసరానికి మన ఊళ్లోనే రాతి గుహల్లో 13.3 లక్షల టన్నుల ముడిచమురు దాచే వీలుంది. అయినా దేశానికి కావలసిన ముడిచమురులో 85 శాతానికి పైగా బయటి నుంచే వస్తోంది. గల్ఫ్‌లో గొడవ జరిగినా, డాలరు పెరిగినా ఆ సెగ మనకు తగులుతుంది. పైగా వ్యాట్ శాతం లెక్కన ఉంటుంది కాబట్టి ధరతోపాటు పన్నూ పెరుగుతుంది. 2020లో ముడిచమురు కుప్పకూలినప్పుడు కేంద్రం ఎక్సైజు పెంచడంతో ఆ లాభం బంకు దాకా రాలేదు. కానీ ప్లగ్ లేని హైబ్రిడ్ మిమ్మల్ని దీని నుంచి బయట పడేయదు. దాని బ్యాటరీకి ఛార్జింగ్ వచ్చేది ఇంజిన్ నుంచి, బ్రేకు వేసినప్పుడు తిరిగి వచ్చే శక్తి నుంచి. లీటర్లు తగ్గుతాయి, బంకు తప్పదు.

హైబ్రిడ్‌లు ఇంకా చాలాకాలం ఉంటాయనే నా నమ్మకం. ఆగుతూ సాగే సిటీ ట్రాఫిక్‌లో అవి నిజంగా పొదుపు చేస్తాయి, హైవే మీద ఆ తేడా తగ్గిపోతుంది. బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నారు, ఆ దిగులు అక్కర్లేదు. పన్నులో మాత్రం కలిసొచ్చేది లేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ సైజు బండ్లకు పెట్రోలైనా హైబ్రిడ్ అయినా జీఎస్టీ 40 శాతమే. ఎలక్ట్రిక్‌కు 5 శాతం. మీ అపార్టుమెంటు పార్కింగ్‌లో ఛార్జర్ పెట్టుకోనిస్తే దాని ధర కూడా ఒకసారి కనుక్కోండి.

నా సలహా: మామూలు పెట్రోలు మోడల్ తీసుకోండి. కట్టకుండా మిగిలిన ఆ 5,630లో నెలకు మూడు వేలు పాప పేరు చెప్పి రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. మిగతాది పెట్రోలు పెరిగితే సర్దుకోవడానికి ఉంచుకోండి. ఒకవేళ ఉద్యోగం అచ్యుతాపురం వైపు మారి నెలకు రెండు వేల కిలోమీటర్లు దాటితే, ఆ మూడున్నర లక్షలు అయిదారేళ్లలోనే వచ్చేస్తాయి. అప్పుడు హైబ్రిడ్ తీసుకోమనే చెబుతాను.