కమీషన్ ఆదాయం కోసం 45 వేలు పెట్టి కోర్సులో చేరాలా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. మావారు ప్రభుత్వ పాఠశాలలో టీచరు. నేను మూడేళ్లుగా తెలుగులో వంటల బ్లాగు రాస్తున్నాను. రోజుకు 300 మంది దాకా చదువుతారు. అందులో మిక్సీలు, కుక్కర్ల లింకులు పెడితే, వాటి ద్వారా ఎవరైనా కొన్నప్పుడు కమీషన్ వస్తుందట. ఈ అఫిలియేట్ మార్కెటింగ్ నేర్పడానికి 45 వేల రూపాయల కోర్సు ఉందని, చేరితే నెలకు 30 వేలు ఖాయమని తెలిసినావిడ చెప్పారు. నలుగురిని చేర్పిస్తే కోర్సు డబ్బులు వెనక్కి వచ్చేస్తాయట కూడా. 2 వేలు అడ్వాన్స్ కట్టాను. మిగతాది పాప ఇంటర్ ఫీజు కోసం నెలకు 5 వేల చొప్పున కడుతున్న ఆర్డీ తీసేసి గానీ, గాజులు బ్యాంకులో పెట్టి గానీ కడదామనుకుంటున్నాను. వచ్చే డబ్బు మావారి ఖాతాలో పడేలా పెట్టుకోవచ్చా?

జవాబు: ఆర్డీ తీయకండి, గాజులు తాకట్టు పెట్టకండి, ఆ కోర్సులో చేరకండి. మీ బ్లాగును మాత్రం ఆపకండి. మూడేళ్లుగా రాస్తూ రోజుకు 300 మంది పాఠకులను సంపాదించుకోవడం చిన్న విషయం కాదు. దాని మీద కొంత ఆదాయం తెచ్చుకోవాలనుకోవడంలో తప్పేమీ లేదు.

ముందు ఆ 30 వేల మాట లెక్కేసి చూద్దాం. రోజుకు 300 అంటే నెలకు 9 వేల మంది. వందలో ముగ్గురు లింకు నొక్కుతారనుకుందాం, 270 మంది అవుతారు. నొక్కినవాళ్లలో మళ్లీ వందకు ముగ్గురు కొంటారనుకుంటే ఎనిమిది అమ్మకాలు. సగటున ఒక్కో వస్తువు 1,500 రూపాయలు, కమీషన్ 5 శాతం అనుకుంటే మీకు వచ్చేది నెలకు 600 రూపాయలు. ఇవి నేను వేసుకున్న అంచనాలే. మీ పాఠకులు ఇంతకన్నా ఎక్కువే కొనొచ్చు, అసలు కొనకపోనూవచ్చు. కానీ ఇదే లెక్కన 30 వేలు రావాలంటే పాఠకులు 50 రెట్లు పెరగాలి. అంటే రోజుకు 15 వేల మంది. ఏ కోర్సూ వాళ్లను తెచ్చివ్వలేదు.

నన్ను ఎక్కువ భయపెట్టింది 'నలుగురిని చేర్పిస్తే' అన్న మాట. నిజమైన అఫిలియేట్ పథకంలో చేరడానికి రూపాయి కట్టనక్కర్లేదు. అమెజాన్ వాళ్ల అఫిలియేట్ పథకం 'అమెజాన్ అసోసియేట్స్'లో ఉచితంగానే నమోదు చేసుకోవచ్చు. అక్కడ వస్తువు అమ్ముడైతేనే కమీషన్ వస్తుంది. మీకు చెప్పినదాంట్లో మిక్సీ, కుక్కర్ ఏవీ లేవు, కొత్తగా చేరినవాళ్లు కట్టే డబ్బే పాతవాళ్లకు కమీషన్‌గా వెళ్తోంది. ఇలా మనుషులను చేర్పించి డబ్బు తిప్పే గొలుసు పథకాలను 1978 నాటి చట్టంతోనే నిషేధించారు. ఆ చట్టం పథకం నడిపేవాళ్లకే కాదు, అందులో చేరినవాళ్లకూ వర్తిస్తుంది. పైగా మీరు చేర్పించేది ఎవరినో కాదు, మీ ఆడపడుచునో పక్కింటావిడనో. రేపు డబ్బు పోతే వాళ్లు ఆ కంపెనీని అడగరు, మీ గుమ్మంలోకే వస్తారు.

ఇక సరైన పద్ధతి. అమెజాన్‌లో ఖాతా తెరిచిన 180 రోజుల్లో కనీసం మూడు అమ్మకాలు జరగాలి, లేకపోతే ఖాతా మూసేస్తారు. అందుకని ఇప్పుడే తొందరపడి తెరవకండి. మీరు ఇంట్లో వాడుతున్న వస్తువుల గురించి ముందు పది పన్నెండు మంచి వ్యాసాలు రాసి పెట్టుకోండి. ఇడ్లీపిండికి గ్రైండర్ మేలా, మిక్సీ చాలా, ఇండక్షన్ పొయ్యి మీద ఏ కుక్కర్ పనికొస్తుంది లాంటివి. కొనే ముందు జనం వెతికేది ఇవే. వంటకం చదవడానికి వచ్చినవాళ్లకన్నా గ్రైండర్ కొనాలని వచ్చినవాళ్లే లింకు నొక్కుతారు. మీకు నచ్చని వస్తువును కమీషన్ ఎక్కువని మెచ్చుకోకండి. మీ దగ్గరున్న పెట్టుబడి పాఠకుల నమ్మకం ఒక్కటే.

మీ లింకు నొక్కాక 24 గంటల లోపు కొన్నవాటికి, లేదా ఆలోపు కార్టులో వేసుకుని తర్వాత కొన్నవాటికే కమీషన్ లెక్కిస్తారు. మీ లింకుతో మీరే కొనుక్కుంటే రాదు. వస్తువు వాపసు చేస్తే అదీ పోతుంది. డబ్బు చేతికి రావడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది. కాబట్టి తెరమీద కనిపించే అంకెను చూసి ఏ ఖర్చూ ఒప్పుకోకండి, బ్యాంకులో పడిందే మీ డబ్బు.

వ్యాసం మొదట్లోనే, లింకుకు ముందే, 'ఈ లింకు ద్వారా కొంటే నాకు కమీషన్ వస్తుంది' అని తెలుగులోనే రాయండి. వ్యాసం ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే చెప్పాలని వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలిచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రచారానికి 10 లక్షల దాకా జరిమానా వేసే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థకు ఉంది. కాస్త పేరు వచ్చాక పెద్ద కమీషన్ ఆశ చూపుతూ బెట్టింగ్ యాప్‌ల వాళ్లు మెయిల్ పెడతారు. జవాబు కూడా ఇవ్వకండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకు ప్రచారం చేస్తే 2025 చట్టం ప్రకారం రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా.

మీ వారి ఖాతా వద్దు. ప్రభుత్వ ఉద్యోగి అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదని 1964 నాటి ప్రవర్తనా నియమావళి చెబుతోంది. ఆయన పేరున కమీషన్ పడితే ఉద్యోగానికే టెన్షన్. అసలు కష్టం మీది, డబ్బూ మీ పేరునే ఉండాలి. మీ పాన్‌తో, మీ సొంత సేవింగ్స్ ఖాతాతోనే నమోదు చేసుకోండి. మీ ఆదాయం గురించి ఆఫీసులో తెలియజేయాలేమో ఆయన్ను ఒకసారి జీతాల బిల్లులు చూసే అధికారిని (డీడీవో) అడగమనండి.

పన్ను గురించి ఇప్పటికి భయం లేదు. ఏడాదికి కమీషన్ 20 వేలు దాటితే 2 శాతం టీడీఎస్ (ముందుగానే పట్టుకునే పన్ను) కోస్తారు, పాన్ ఇవ్వకపోతే 20 శాతం. కొత్త పన్ను విధానంలో 4 లక్షల దాకా పన్ను లేదు కాబట్టి రిటర్న్ వేస్తే కోసింది తిరిగొస్తుంది. క్రమంగా వచ్చే కమీషన్‌ను వ్యాపార ఆదాయంగా చూపాలి, జీతగాళ్లు వేసే ఐటీఆర్-1 రిటర్న్ ఫారం పనికిరాదు. మొదటిసారి ఆడిటర్‌తో వేయించండి.

డబ్బు రావడం మొదలైతే ముందు బ్లాగు డొమైన్ (చిరునామా), హోస్టింగ్ (సర్వర్) ఖర్చులకు తీసి పెట్టుకోండి. మిగిలింది మీ పేరున పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్) ఖాతా తెరిచి వేయండి. ఏడాదికి 500 కట్టినా ఖాతా నిలుస్తుంది. నెల నెలా ఒకేలా రాని డబ్బుకు ఈ వెసులుబాటు చాలా అవసరం.

ఇక కట్టిన 2 వేలు. చేరడం లేదని, అడ్వాన్స్ వెనక్కి ఇవ్వమని ఈరోజే వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగండి. 'నెలకు 30 వేలు ఖాయం' అన్న మెసేజ్ ఉంటే స్క్రీన్‌షాట్ తీసి, రసీదుతో పాటు దాచండి. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. డబ్బు వెనక్కి రాకపోయినా, పోయేది ఆ 2 వేలతోనే ఆగనివ్వండి. దాన్ని రాబట్టుకోవడం కోసం మిగతా 43 వేలు కట్టకండి.