పెనం ముందు మండే బుగ్గలు

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. గుంటూరు బ్రాడీపేటలో టిఫిన్ సెంటర్ నడుపుతున్నాను. పెనం దగ్గర నిలబడితే బుగ్గలు, ముక్కు మండి కందిపోతున్నాయి, చిన్న పొక్కులు లేస్తున్నాయి. మందుల దుకాణంలో ఇచ్చిన క్రీము రాస్తే తగ్గుతుంది, మానితే రెట్టింపవుతుంది. ఈ వయసులో మొటిమలేమిటి?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఇది రోజేషియా, అంటే ముఖం ఎర్రబడి మండే దీర్ఘకాలిక చర్మవ్యాధి అనిపిస్తోందమ్మా. మొటిమలైతే బ్లాక్‌హెడ్స్ ఉంటాయి, ఇందులో ఉండవు. చామనఛాయ ముఖం మీద ఎరుపు తేలిగ్గా బయటపడదు. అందుకే నేను ముందుగా మంట గురించే అడుగుతాను.

నన్ను కలవరపెడుతున్నది ఆ క్రీము. ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ వంటి పేరుందేమో చూడండి. అవి స్టెరాయిడ్లు. ముఖానికి రాస్తూ పోతే చర్మం పలచబడి, జబ్బు ముదురుతుంది. ఆ క్రీమును ఎలా ఆపాలో చర్మవైద్యులను అడిగి చేయండి. ఆపాక కొన్నాళ్లు ఎరుపు పెరగవచ్చు, భయపడి మళ్లీ రాయకండి. మెట్రోనిడజోల్ జెల్, ఐవర్‌మెక్టిన్ క్రీము, అవసరమైతే డాక్సీసైక్లిన్ మాత్రలు వారే రాసిస్తారు. పూర్తిగా పోయే జబ్బు కాదు, అదుపులో మాత్రం చక్కగా ఉంటుంది.

పెనం మానేయమని ఎలా చెబుతాను, అది మీ జీవనాధారం! పెనం ఆవిరి మీ ముఖం వైపు రాకుండా ఫ్యాను పెట్టండి, మధ్యమధ్యలో చన్నీళ్లలో తడిపిన గుడ్డ అద్దుకోండి. టీ కాస్త చల్లార్చి తాగండి. కారం వల్ల అందరికీ మంట పెరగదు, తిన్నాక మంట పెరిగితేనే తగ్గించండి. బయటికి వెళ్తే జింక్ ఆక్సైడ్ ఉన్న ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ తప్పనిసరి. ఈ జబ్బు కళ్లకూ రావచ్చు, కళ్లలో ఇసుక పడ్డట్టు గరగరలాడితే ఆలస్యం చేయకుండా కంటి వైద్యులకు చూపించండి.