సమాధానం: తొమ్మిదో తరగతి ఇంగ్లీష్ ఎస్సేలో ఎప్పుడూ సీ గ్రేడే

అక్కా, హైదరాబాద్‌లో ఇంగ్లీష్‌లో ఫస్ట్ వచ్చిన అబ్బాయికి న్యూజెర్సీలో సీ వస్తోందని, టీచర్ 'ఇది కథ చెప్పడమే' అని రాస్తున్నారని అన్నారు. టెన్షన్ పడకండి, బాబు ఇంగ్లీష్‌లో లోపం లేదు. మన దగ్గర పాఠంలో ఏముందో రాస్తే మార్కులు వస్తాయి. అక్కడ తన అభిప్రాయం చెప్పి, దాన్ని నిరూపించాలి. అమెరికాలో 2010లో వచ్చిన కామన్ కోర్ అనే స్కూలు చదువుల ప్రమాణాల్లో 9-10 తరగతుల రాతలో మొదటి అంశమే వాదన.

షేక్‌స్పియర్ నాటకం రోమియో జూలియట్ చదువుతున్నాడన్నారు కదా. రెండో అంకం రెండో రంగంలో జూలియట్ తన ప్రేమను సముద్రంతో పోలుస్తుంది. 'పోల్చింది' అని ఆపేస్తే అది కథే. ఇస్తున్నకొద్దీ తరగని ప్రేమకు సముద్రమే ఎందుకు సరిపోయింది, ఆ మాట ఆ అమ్మాయి స్వభావం గురించి ఏం చెబుతుంది అని రెండు వాక్యాలు కలిపితే అదే విశ్లేషణ. నా దృష్టిలో అసలు కిటుకు ఇదే: కొటేషన్ ఒక వాక్యమైతే, దాని గురించి తన మాటలు కనీసం రెండు ఉండాలి.

పాత ఎస్సే ఒకటి తీసి, కథ చెప్పిన వాక్యాలన్నీ పెన్సిల్‌తో గీయమనండి. తనకే తెలుస్తుంది. తర్వాత, రాయకముందే ఆ వాదన మీకు తెలుగులో చెప్పమనండి. తెలుగులో తేలిన ఆలోచన ఇంగ్లీష్‌లోకి సులువుగా వస్తుంది.